చూచిరాతలోంచి వచ్చిన చిత్రకారుడు

కాలిఫోర్నియాలో ఉండే తెలుగువాళ్ల ఇంటికి ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే తిప్పాల్సిన చోట్ల జాబితా ఒకటి అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది. గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి, ఆ తర్వాత కార్మెల్ పక్కనున్న 17 మైల్ డ్రైవ్. మేమూ అంతే. మా అమ్మను మొదటిసారి అక్కడికి తీసుకెళ్లినప్పుడు గేటు దగ్గర డబ్బులు కట్టి లోపలికెళ్లాం. సముద్రం అంచున బండ మీద ఒంటరిగా నిలబడ్డ సైప్రస్ చెట్టును గొప్పగా చూపించాను. "ఈ ఒక్క చెట్టును చూడ్డానికి డబ్బులు కట్టించుకుంటారట్రా?" అంది అమ్మ. నవ్వుకుని, ఫొటోలు దిగి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని వెనక్కొచ్చేశాం.

సుమారు యాభై ఏళ్ల క్రితం అదే చుట్టుపక్కల ఒక చైనా పెద్దాయన కాపురం ఉన్నారని అప్పటికి నాకు తెలియదు. గుండెల దాకా తెల్లటి గడ్డం, కాళ్ల దాకా పొడవాటి అంగీ. వెయ్యేళ్ల నాటి సోంగ్ వంశకాలపు పండితుడెవరో దారితప్పి అమెరికా సముద్రతీరానికి వచ్చినట్టు ఉండేవారు. పేరు జాంగ్ దాచియెన్. అమెరికా మ్యూజియాలు పాత పద్ధతిలో చాంగ్ దాయ్ చియెన్ అని రాస్తాయి. ఇరవయ్యో శతాబ్దంలో నల్ల సిరాతో, నీళ్లతో చిత్రాలు వేసినవారిలో ఆయనంత పేరు, ఆయనంత అపఖ్యాతి రెండూ కలిసి తెచ్చుకున్నవారు మరొకరు లేరు.

ఆయన సంగతి నాకు తెలిసింది 2019 చివర్లో. ఆయన పుట్టి 120 ఏళ్లయిన సందర్భంగా శాన్‌ఫ్రాన్సిస్కో ఏషియన్ ఆర్ట్ మ్యూజియంలో ప్రదర్శన పెట్టారు. నాకు చిత్రకళతో పెద్ద పరిచయం లేదు. ఇంట్లో ఒక గొడవ నడుస్తోంది, ఆ వాతావరణం కాస్త మారుతుందని మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను.

గొడవ ఏమిటంటే, ఆరేళ్లప్పటి నుంచి నేర్చుకుంటున్న కూచిపూడి మానేస్తానని తను పట్టుబట్టింది. అప్పుడు ఎనిమిదో తరగతి. "క్లాసులో అంతా కాపీ కొట్టడమే నాన్నా. టీచర్ చెయ్యి ఎలా పెడితే అలాగే పెట్టాలి. మెడ ఎంత వంచితే అంతే వంచాలి. అందులో నాదేముంది?" అనేది. తన కోపంలో న్యాయం లేకపోలేదు. ఇక్కడి బడుల్లో మూడో తరగతి నుంచే కాపీ అంటే దొంగతనమని నేర్పుతారు. ఒక వాక్యం ఎక్కడి నుంచైనా తీసుకుంటే ఎవరిదో చెప్పాలి. అలా పెరిగిన పిల్లను శనివారం పొద్దున్నే డ్యాన్స్ క్లాసులో దింపి, నీ ముందున్నావిడను మక్కికి మక్కి దించెయ్ అంటున్నాం. మనకు అందులో తేడా ఏమీ కనిపించదు. వాళ్లకు కనిపిస్తుంది.

అలాంటి పిల్లను సరిగ్గా అలాంటి చిత్రకారుడి దగ్గరికే తీసుకెళ్లానని లోపలికి వెళ్లాక గానీ తెలియలేదు. గోడ మీది పలకల్లో మాటిమాటికీ అదే మాట. ఫలానావారిని అనుసరించి, ఫలానావారి పద్ధతిలో. రెండు మూడు పలకలు చదివి అమ్మాయి నా వైపు తిరిగింది. "ఈయన సొంతంగా ఏమీ వేయలేదా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి ఆయన గురించి దొరికినవన్నీ చదువుతూ వచ్చాను.

నాలుగు కుంచెలు, మూడు రకాల నకళ్లు

జాంగ్ 1899లో సిచువాన్ రాష్ట్రంలోని నేజియాంగ్‌లో పుట్టారు. కలిగిన కుటుంబం కాదు. తల్లి ఎంబ్రాయిడరీ కోసం పూలు, జంతువుల నమూనాలు గీసేది. ఆ సంపాదన ఇంటికి ఆసరా. తొలి గురువు ఆవిడే. అక్క పూలు వేసేది. రెండో అన్న జాంగ్ షాన్‌జి పులుల బొమ్మలకు పేరుపొందాడు. కుర్రవాడిగా ఉండగా బందిపోట్లు ఎత్తుకుపోయి, రాతకోతలు వచ్చని తెలుసుకుని వందరోజులు గుమాస్తాగా వాడుకున్నారట. ఆయన ఇష్టంగా చెప్పుకున్న కథల్లో అదొకటి. తర్వాత అన్నతో పాటు జపాన్‌లోని క్యోటో వెళ్లి బట్టల అద్దకం, నేత నేర్చుకున్నారు. తిరిగొచ్చాక కొన్నాళ్లు బౌద్ధ మఠంలో చేరారు. దాచియెన్ అన్నది అక్కడ వచ్చిన పేరే. అన్న వెళ్లి పట్టుకొచ్చి పెళ్లి చేశాడు.

అసలు చదువు షాంఘైలో మొదలైంది. జెంగ్ షీ, లీ రుయిచింగ్ అనే ఇద్దరు దస్తూరీ పండితుల దగ్గర చేరారు. వాళ్లు శిష్యుడి ముందు పెట్టింది పదిహేడో శతాబ్దపు ఇద్దరు చిత్రకారులను. బాదా షాన్‌రెన్, షీతావ్. ఇద్దరూ మింగ్ రాజవంశీకులే. మంచూలు వచ్చి రాజ్యం పోయాక ఇద్దరూ సన్యాసుల వేషంలో తలదాచుకున్నారు. బాదా గీసిన చేపలు, పిట్టలు చూసేవాళ్ల మీద కోపంతో కళ్లు ఉరుముతున్నట్టు ఉంటాయి. చుట్టూ ఏమీ ఉండదు. కాగితమే నీరు, కాగితమే ఆకాశం. షీతావ్ కొండల చిత్రాల్లో గీత ఎక్కడ మొదలై ఎటు పోతుందో ముందుగా ఊహించలేం.

ఈ విద్య ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పాలి. చైనా సిరా సీసాలో రాదు. మసి, జిగురు కలిపి గట్టిపరిచిన కడ్డీలా ఉంటుంది. రాతిపలక మీద నీళ్లు పోసి, మన ఇళ్లలో గంధం తీసినట్టు దాన్ని అరగదీయాలి. నీళ్లు ఎంత ఎక్కువైతే రంగు అంత పలచన. బూడిదరంగు పొగమంచు నుంచి చిక్కటి కాటుక దాకా అన్నీ ఆ ఒక్క కడ్డీలోంచే రావాలి. షువాన్ కాగితం సిరాను పడీపడగానే పీల్చేస్తుంది. చెరపడం, దిద్దడం కుదరదు. చెయ్యి ఒక్క క్షణం తడబడితే అక్కడ మచ్చ పడుతుంది. అందుకే కాగితం ముందు కూర్చునేసరికి గీత చేతికి వచ్చేసి ఉండాలి. అలా రావాలంటే ముందువాళ్ల గీతలు వేలసార్లు వేయాలి.

ఆరో శతాబ్దంలోనే షియె హె అనే విమర్శకుడు చిత్రకళకు ఆరు సూత్రాలు చెబుతూ, పాతవారి చిత్రాలకు నకలు తీసి విద్యను అందుకోవడాన్ని ఆరోదిగా చేర్చాడు. ఆ నకలులోనూ రకాలున్నాయి. మూలం మీద పలచని కాగితం వేసి గీతను పట్టుకోవడం 'మో'. మూలాన్ని పక్కన పెట్టుకుని చూస్తూ వేయడం 'లిన్'. మూలం ఎదురుగా లేకుండా ఆ గురువు ఇప్పుడుంటే ఎలా వేసేవాడో అలా వేయడం 'ఫాంగ్'. మూడోది వచ్చినవాడు పాత పాటకు కొత్త సంగతి వేసినట్టే.

ఇది చదువుతుంటే నాకు మా ఊరి బడిలో చూచిరాత పుస్తకం గుర్తొచ్చింది. పైన అచ్చువేసిన ఒక వరస, కింద నాలుగు వరసల ఖాళీ. మాస్టారు గీత గీతకూ మార్కు వేసేవారు. 'క'కు తలకట్టు కాస్త వంకరపోతే మళ్లీ పేజీ అంతా రాయాలి. అదే బడిలో పరీక్ష రోజున పక్కవాడిది చూసి రాస్తే బెంచీ ఎక్కించేవారు. రెండూ చూసి రాయడమే. మా నలభైమందిలో ఏ ఒక్కరూ దీని గురించి మాస్టారిని అడగలేదు. మా అమ్మాయైతే అడిగేది.

షీతావ్ వేయని షీతావ్ చిత్రాలు

జాంగ్ చూచిరాతలో ఎంత ముదిరారంటే, ముప్పై ఏళ్లు నిండకముందే చైనాలో షీతావ్ చిత్రాలను గుర్తుపట్టగల నిపుణులు ఆయన వేసినవాటిని అసలు షీతావ్‌లుగా కొనడం మొదలుపెట్టారు. అప్పటి పెద్ద చిత్రకారుడు, పండితుడు హువాంగ్ బిన్‌హోంగ్ గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయన దగ్గరున్న అసలు షీతావ్ చిత్రాన్ని జాంగ్ అడిగితే ఇవ్వలేదు. కొన్నాళ్లకు మరో షీతావ్ చిత్రం చూసి ముచ్చటపడి, తన దగ్గరున్నది ఇచ్చి దాన్ని పుచ్చుకున్నాడు. ఆ రెండోది జాంగ్ వేసింది.

ఈ కథ చెప్పి చాలామంది నవ్వుతారు. నాకూ మొదట నవ్వొచ్చింది. కానీ దీనిలో ఒక తిరకాసుంది. పూర్వులను పట్టుకు వేలాడకుండా ఎవరి పద్ధతి వాళ్లు వెతుక్కోవాలని చైనా చిత్రకళలో అందరికన్నా గట్టిగా వాదించింది షీతావే. ఆ మాట చెప్పినవాడినే జాంగ్ అక్షరం పొల్లుపోకుండా అనుకరించారు. గురువు మాట వింటే అనుకరించకూడదు, అనుకరించకపోతే ఆ చెయ్యి రాదు. ఈ ముడిలో ఆయన దాదాపు నలభై ఏళ్లు తిరిగారు.

షీతావ్ దగ్గర ఆగలేదు. వెనక్కి వెళుతూ పోయారు. మింగ్, యువాన్, సోంగ్, ఇంకా వెనక తాంగ్. తాంగ్ కాలపు కాగితాలు, పట్టుబట్టలు దాదాపుగా మిగల్లేదు. గోడలు మిగిలాయి. అందుకని 1941లో గోబీ ఎడారి అంచునున్న దున్‌హువాంగ్‌కు బయల్దేరారు. పట్టు వ్యాపారుల బాటలో నాలుగో శతాబ్దం నుంచి దాదాపు వెయ్యేళ్ల పాటు తొలిచిన బౌద్ధ గుహలవి. భార్యాబిడ్డలు, శిష్యులు, చింగ్‌హాయ్ నుంచి రప్పించిన అయిదుగురు టిబెటన్ లామాలు వెంట ఉన్నారు. లామాలు గుడ్డను సిద్ధం చేసి, రాళ్ల నుంచి రంగులు నూరేవారు. రెండేళ్లకు పైగా అక్కడే ఉండి 270కి పైగా కుడ్యచిత్రాలకు నకళ్లు తీశారు. మూడు వందలకు పైగా గుహలకు వరస సంఖ్యలు వేశారు. మీద అప్పులు మిగిలాయి. అప్పటిదాకా చైనాలో చదువుకున్నవారు కూడా పెద్దగా పట్టించుకోని ఆ గుహలు, 1944లో ఈ నకళ్లను చెంగ్దు, చోంగ్‌చింగ్‌లలో ప్రదర్శించాక దేశం నోట్లో నానాయి.

ఇక్కడొక మచ్చ కూడా ఉంది. గుహల గోడల మీద ఒక కాలపు చిత్రం మీద మరో కాలపు పూత ఉంటుంది. అడుగునున్న తాంగ్ చిత్రం చూడాలని పైపొరను పెచ్చులు లేపించారని ఆయన మీద ఆరోపణ వచ్చింది. ఆయన అభిమానులు అప్పటికే ఊడిపోతున్న పొరలంటారు. వివాదం నేటికీ తెగలేదు.

దున్‌హువాంగ్ వల్లే ఆయన మన వైపు కూడా వచ్చారు. 1950లో ప్రదర్శన కోసం ఢిల్లీ వచ్చి, అక్కడి నుంచి అజంతా వెళ్లారు. దున్‌హువాంగ్ గోడల మూలం అజంతాలో ఎంతుందో కళ్లారా చూడాలన్నది కోరిక. కొంతకాలం అక్కడుండి చిత్రాలను అధ్యయనం చేశారు. అప్పటికి అజంతా ఉన్నది హైదరాబాద్ రాష్ట్రంలోనే. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగాకే అది బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. నిజాం కాలంలో గులాం యజ్దానీ నాయకత్వంలో పురావస్తు శాఖ ఆ గుహలను బాగుచేయించి, పెద్ద పెద్ద సంపుటాలుగా అచ్చువేయించింది. ఆ రోజుల్లో తీయించిన అజంతా నకళ్లు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. ఇంజినీరింగ్ రోజుల్లో ఆ మ్యూజియంలో ఉన్న మమ్మీని చూడ్డానికి రెండుసార్లు వెళ్లాను. అజంతా గది దాటుకుంటూ పోయాను తప్ప ఆగిన గుర్తు లేదు.

బోస్టన్‌లో ఒక కొండ

ఇక తప్పు అని నాకనిపించే దాని దగ్గరికి వద్దాం. 1957లో బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ ఒక చిత్రం కొంది. నిట్రంగా నిలబడ్డ కొండ, దాని పాదాల దగ్గర పాడుతూ తాగుతూ ఉన్న మనుషులు. పదో శతాబ్దపు గ్వాన్ తోంగ్ వేసిందని నమ్మి కొన్నారు. ఇప్పుడు ఆ మ్యూజియమే దాన్ని జాంగ్ దాచియెన్ పనిగా చెబుతోంది. వెయ్యేళ్ల కిందటిది కాదు, కొన్ననాటికి పట్టుమని పాతికేళ్లు కూడా ఉండి ఉండవు. లండన్ బ్రిటిష్ మ్యూజియం కూడా పదో శతాబ్దపు జురాన్ అనుకుని ఇలాగే ఒకటి కొని తెల్లబోయింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో దోంగ్ యువాన్ పేరున ఉన్న 'నదీతీరం' చిత్రం మీద పండితులు రెండుగా చీలిపోయి, 1999 డిసెంబరులో ఆ మ్యూజియంలో సదస్సే జరిగింది. అది కూడా జాంగ్ చేతిపనేనని జేమ్స్ కాహిల్ వంటి పెద్ద చరిత్రకారుడు వాదించాడు. మ్యూజియం ఒప్పుకోలేదు. చనిపోయి అప్పటికి పదహారేళ్లయిన మనిషి పండితులను అలా కుర్చీల్లోంచి లేపి నిలబెట్టడం సామాన్యం కాదు.

ఆయనను సమర్థించేవారు, తన చెయ్యి పాతవారికి సమానమని నిరూపించుకున్నాడు అంటారు. ఆయన కూడా అదొక ఆటలా మాట్లాడేవారు. నేను ఒప్పుకోలేకపోయాను. 'షీతావ్‌ను అనుసరించి' అని రాసి తన ముద్ర వేసిన చిత్రం, అచ్చం అలాంటిదే షీతావ్ ముద్రతో బజారుకు పంపిన చిత్రం, రెండిట్లోనూ చెయ్యి ఒకటే, గీత ఒకటే. మారింది ఆ ఒక్క మాట. మా వృత్తిలో ఇంకొకరు రాసిన కోడ్ వాడుకోవడం నామోషీ కాదు. రోజూ చేసేదే. ఫైలు పైన రాసినవారి పేరు, లైసెన్సు ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. ఆ నాలుగు వరసలు చెరిపేసిన రోజు అదే కోడ్ దొంగసొత్తు అవుతుంది. ఈ పోలిక చెబితే మా అమ్మాయి, "మరి మా డ్యాన్స్ టీచర్ తన గురువుగారి పేరు చెప్పకుండా క్లాసు మొదలుపెట్టదు" అంది. ఆవిడ వెంపటి చినసత్యంగారి బాణీ. ఆ సంగతి అమ్మాయి తనంతట తనే అనడం నాకు బాగుంది. డ్యాన్స్ మాత్రం మానేసింది.

ఇంకొక సంగతి. 2022లో హాంకాంగ్ వేలంలో జాంగ్ చిత్రం ఒకటి దాదాపు 4 కోట్ల 70 లక్షల డాలర్లు పలికింది. ఆయన చిత్రాల్లో అదే అత్యధిక ధర. అదేమిటో తెలుసా? 1113లో పద్దెనిమిదేళ్ల వాంగ్ షీమెంగ్ వేసిన నీలం ఆకుపచ్చల నదీపర్వతాల చిత్రాన్ని అనుసరించి 1948లో జాంగ్ వేసింది. ఎవరిని అనుసరించిందీ దాచకుండా చెప్పింది.

వెంట తెచ్చుకున్నవి

1949 చివర్లో ఆయన చైనా వదిలారు. కుటుంబంలో చాలామంది అక్కడే ఉండిపోయారు. డార్జిలింగ్‌లో ఏడాదికి పైగా, తర్వాత అర్జెంటీనా, ఆ తర్వాత బ్రెజిల్. వెంట తెచ్చుకున్నవాటిలో పదో శతాబ్దపు గూ హోంగ్‌జోంగ్ పేరు మీద ఉన్న 'హాన్ షీజాయ్ రాత్రి విందు' చుట్ట ఒకటి. ఇల్లు కొనుక్కుందామని దాచిన బంగారం పోసి దాన్ని కొన్నారని చెబుతారు. తూర్పైనా పడమరైనా నువ్వు నా వెంటే, మనకు ఎడబాటు లేదు అనే అర్థం వచ్చే ముద్ర దాని మీద వేసుకున్నారు. దక్షిణ అమెరికాకు వెళ్లేముందు హాంకాంగ్‌లో దాన్ని అమ్మేశారు. ఇప్పుడది బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. మన ఇళ్లలో కూడా ఎన్నటికీ అమ్మం అనుకున్న పొలాలకు ఏమైందో వేరే చెప్పక్కర్లేదు.

బ్రెజిల్‌లో సావోపాలో దగ్గర మోజీ అనే ఊళ్లో కొంత భూమి కొని సిచువాన్‌ను కట్టబోయారు. చెరువు తవ్వించారు. వెదురు, దేవదారు, రేగు జాతి పూలచెట్లు నాటించారు. గిబ్బన్ కోతులను పెంచారు. పుట్టేముందు తల్లికి కలలో ఒక ముసలాయన నల్ల గిబ్బన్‌ను ఇచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారు. వంటలో కూడా దిట్ట. తన బొమ్మలకన్నా తన వంటే మేలని అనేవారట. అతిథులొస్తే వడ్డించబోయే సిచువాన్ వంటకాల పట్టీ కుంచెతో రాసేవారు. ఆ పట్టీలు కూడా ఇప్పుడు వేలంలో అమ్ముడవుతున్నాయి. కోట్ల చిత్రాలకన్నా నాకు ఈ వంటకాల పట్టీలే దగ్గరగా అనిపించాయి. ఫ్రీమాంట్ అపార్ట్‌మెంట్ బాల్కనీలో గోంగూర కుండీలు పెట్టుకున్నవాళ్లం కదా మనం.

1956లో ఫ్రాన్స్‌లో పికాసోను కలిశారు. పికాసో తను చైనా పద్ధతిలో వేసిన బొమ్మల దొంతర తీసి చూపించాడట. నకళ్ల రాజుకు పికాసో నకళ్లు చూపించడం!

ఆ మరుసటి ఏడాది బ్రెజిల్ తోటలో బండరాయి జరుపుతుండగా కంట్లో రక్తనాళం చిట్లింది. అప్పటికే చక్కెర జబ్బు. వైద్యం కోసం దేశాలు తిరిగినా చూపు పూర్తిగా తిరిగి రాలేదు. క్రమంగా ఒక కన్ను దాదాపు పోయింది. జుట్టుపోగు వంటి గీతతో నిపుణులను బోల్తాకొట్టించిన మనిషికి ఆ గీతే కనపడకుండా పోయింది.

అప్పుడు చేసిన పని చూస్తేనే ఆయన ఎవరో నాకు అర్థమైంది. సిరాను, రాతినీలాన్ని, పచ్చను గిన్నెలతో కాగితం మీద ఒలకబోశారు. కాగితాన్ని అటూ ఇటూ వంచుతూ అది పారినచోటును చూశారు. ఎక్కడ మబ్బు వచ్చింది, ఎక్కడ లోయ పడింది చూసుకుని, ఆఖర్న ఒక ఇల్లో, పడవో, చెట్టో రెండు గీతల్లో పెట్టారు. 1960ల నాటి ఈ చిత్రాలు ఎవరివీ కావు. షీతావ్‌వి కావు, సోంగ్ గురువులవి కావు. అమెరికన్లు వీటిని చూసి అప్పటి తమ నైరూప్య చిత్రకారుల ప్రభావం అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. తాంగ్ కాలంలో వాంగ్ మో అనే తాగుబోతు చిత్రకారుడు సిరా చిమ్మి కొండలు వేసేవాడని పాత పుస్తకాల్లో ఉంది. నేను ఆయన్ను అనుసరించాను అన్నారు. వాంగ్ మో చిత్రం ఒక్కటి కూడా మిగల్లేదు. ఎవరూ చూడని చిత్రానికి నకలు ఎలా తీస్తారు? జీవితంలో మొదటిసారి సొంతంగా వేసిన రోజున కూడా ఆయనకు ఒక గురువు పేరు చెప్పుకోవాలనిపించింది. గర్వమో, వినయమో, అలవాటో. మూడూ కావచ్చు.

మ్యూజియంలో ఆ గదిలోకి వచ్చాక మా అమ్మాయి పలకలు చదవడం మానేసింది. నీలం పారిన ఒక చిత్రం ముందు చాలాసేపు నిలబడింది. "ఇది కాపీ కాదు" అంది. "ఆ పక్కనున్న చెట్టు చూడు" అన్నాను. నీలపు వరద మూలన చిన్న చెట్టు, నాలుగు గీతలు. అది ముందు గదిలో చూసిన షీతావ్ చెట్టే. కళ్లు పోతున్నా చేతిలోంచి పోలేదు.

బ్రెజిల్ తోట ఉన్నచోట జలాశయం కడతామని అక్కడి ప్రభుత్వం అనడంతో మళ్లీ మూటాముల్లె సర్దారు. 1969 ప్రాంతంలో కార్మెల్ చేరి, తర్వాత పెబుల్ బీచ్ దగ్గర ఇల్లు తీసుకున్నారు. 1972లో, అప్పట్లో గోల్డెన్ గేట్ పార్క్‌లో ఉన్న ఈ మ్యూజియమే ఆయన నలభై ఏళ్ల పనిని ప్రదర్శనగా పెట్టింది. 1970ల నడుమ తైపేకి మారిపోయారు. వెళ్లేముందు కాలిఫోర్నియా తీరంలో ఒక పెద్ద బండ ఆయన మనసుకు పట్టింది. దాన్ని ఓడలో తైపే తెప్పించుకుని ఇంటి తోటలో నిలబెట్టి, రేగుపూల దిబ్బ అని పేరు పెట్టారు. 1983 ఏప్రిల్ 2న పోయారు. అస్థికలు ఆ బండ కిందే ఉన్నాయి. సిచువాన్ మనిషి కాలిఫోర్నియా రాయి కింద తైవాన్‌లో.

ఆఖరి చిత్రం లూషాన్ కొండ. వెడల్పు దాదాపు పది మీటర్లు. యొకొహామాలో ఉన్న మిత్రుడి హోటల్ గోడకని 1981లో మొదలుపెట్టారు. చూపు సరిగా లేదు, గుండె జబ్బు. మధ్యలో స్పృహ తప్పేది. శిష్యులు పట్టుకుంటే బల్ల మీదికెక్కి వేసేవారు. లూషాన్ చైనాలో పేరున్న కొండ. అక్కడికి ఆయన జీవితంలో ఎప్పుడూ వెళ్లలేదు. ఇక వెళ్లే వీలూ లేదు. పాతవారు వేసిన, రాసిన లూషాన్ అంతా తలలో ఉంది, దాన్నే వేశారు. పూర్తి కాలేదు.

పోయిన వేసవిలో అమ్మ మళ్లీ వచ్చింది. మళ్లీ 17 మైల్ డ్రైవ్. ఈసారి చెట్టు దగ్గర జాంగ్ కథ చెప్పాను. అంతా విని, "ఊరెళ్లలేదా ఇక?" అని అడిగింది. లేదన్నాను. అమ్మ సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది. అక్కడి భారతీయ విద్యార్థుల సంఘంలో దీపావళి కార్యక్రమం కోసం అయిదుగురు పిల్లలకు అడుగులు నేర్పాల్సి వచ్చిందట. మొన్న ఫోన్లో నవ్వుతూ చెప్పింది. "నేను మెడ కొంచెం ఎడమకు వంచుతాను కదా నాన్నా, మా టీచర్‌లాగా. వీళ్లు ఐదుగురూ అలాగే వంచుతున్నారు. అలా వద్దు అని చెబుతూ నేను మళ్లీ వంచుతున్నాను."